రూటింగ్ టేబుల్లో వెతకడానికి ఏది మేలు: రెగెక్సా, లాంగర్ ప్రిఫిక్సెసా?

అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు) నేర్చుకున్న చాలామందిలాగే నాకూ తొందరగా అంటుకున్న అలవాటు ‘షో ఐపీ రూట్’ (రూటింగ్ టేబుల్ని, అంటే ఏ అడ్రస్‌కి ఏ దారో రాసుకున్న రౌటర్ జాబితాని చూపించే కమాండ్) పక్కన పైపు (| గీత) పెట్టి ఇన్‌క్లూడ్ కొట్టడం, అంటే కావాల్సిన ప్యాటర్న్ ఉన్న లైన్లే ఏరి చూపించమనడం. మాధాపూర్‌లో నైట్ షిఫ్టులు మొదలుపెట్టిన కొత్తలో ఏం కావాలన్నా అదే. ఇప్పుడు అడ్రస్ వెతకాలంటే మాత్రం పైపు జోలికి పోను.

10.1.1 నెట్‌వర్క్ కోసం ‘షో ఐపీ రూట్ | ఇన్‌క్లూడ్ 10.1.1’ కొట్టారనుకోండి. ఇన్‌క్లూడ్ వెతికేది రెగెక్స్‌తో, అంటే అక్షరాల ప్యాటర్న్‌తో. అందులో చుక్క అంటే ఏదో ఒక అక్షరం. అందుకే 10.101.0.0 వచ్చేస్తుంది, 110.1.1.0 కూడా దూరిపోతుంది. 10\.1\.1\. అని (చుక్కని చుక్కగానే చదవమని) బ్యాక్‌స్లాష్‌లు పెడితే మొదటిది పోతుంది, రెండోది పోదు. ముందు ఒక అండర్‌స్కోర్ (సిస్కోలో ఖాళీకో లైను మొదలుకో గుర్తు) తగిలిస్తే అదీ పోతుంది. అంతా అయ్యాక, 10.1.1.2 నెక్స్ట్‌హాప్‌గా (ప్యాకెట్ వెళ్లాల్సిన తర్వాతి రౌటర్‌గా) ఉన్న రూట్లన్నీ వచ్చి వరసలో నిలబడతాయి! 8-3-16 ఇంటి కోసం బయల్దేరి 8-3-168 తలుపు తట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

అదే ‘షో ఐపీ రూట్ 10.1.1.0 255.255.255.0 లాంగర్-ప్రిఫిక్సెస్’ అంటే రౌటర్ దాన్ని అంకెల్లా కాక అడ్రస్‌లా చదువుతుంది. ఆ /24 ప్రిఫిక్స్ (మొదటి 24 బిట్లు ఒకటే అయిన అడ్రస్‌ల గుంపు), దాని లోపలి చిన్న ప్రిఫిక్స్‌లు, అంతే. 172.16.0.0/12 మొత్తం కావాలంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రెగెక్స్‌లో 172\.(1[6-9]|2[0-9]|3[01])\. అని రాయాలి. లాంగర్-ప్రిఫిక్సెస్‌కైతే 255.240.0.0 మాస్క్ ఇస్తే సరి. రాత్రి రెండింటికి ఆ బ్రాకెట్లు సరిగ్గా మూసే ఓపిక నాకైతే లేదు.

ఒకసారి మా జూనియర్ ఫోన్ చేసి, “అన్నా, రెండో లింకు పడిపోయింది, ఒకటే నెక్స్ట్‌హాప్ కనిపిస్తోంది” అన్నాడు. అప్పటికే టికెట్ కూడా తెరిచేశాడు. వాడు కొట్టింది ‘ఇన్‌క్లూడ్ ^ఓ’, అంటే ‘ఓ’తో మొదలయ్యే లైన్లు, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమలో తాము దారులు పంచుకునే ఒక పద్ధతి) రూట్లు. సమాన ఖర్చున్న రెండో దారి టేబుల్లో కింది లైన్లో ఉంటుంది. ఆ లైను ఖాళీలతో మొదలవుతుంది, ‘ఓ’తో కాదు. ఫిల్టర్ దాన్ని మింగేసింది. లింకు నిక్షేపంగా ఉంది. ‘షో ఐపీ రూట్ ఓఎస్‌పీఎఫ్’ అని ఉంటే రెండు దారులూ కనిపించేవి. ఆ టికెట్ మూయించడానికి పట్టిన టైములో రెండు చాయ్‌లు అయ్యాయి.

అలాగని రెగెక్స్ దండగ అనను. బీజీపీలో (పెద్ద నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) ఏఎస్ పాత్ అంటే రూట్ దాటి వచ్చిన నెట్‌వర్కుల (ఏఎస్‌ల) నంబర్ల వరస, దాన్ని అక్షరాల్లా వెతకడమే సులువు. అక్కడ దానికి సాటి లేదు. ‘షో ఐపీ బీజీపీ రెగెక్స్‌ప్ _65001_’ అంటే 65001 మీదుగా వచ్చినవన్నీ వస్తాయి. ^$ అంటే మన ఏఎస్‌లోనే పుట్టినవి. ఇంటర్‌ఫేస్ పేరు పట్టుకుని వెతకాలన్నా పైపే హాయి. కాకపోతే సిస్కోలో రెండు పేర్ల మధ్య ‘లేదా’ కోసం నిలువు గీత పెట్టేటప్పుడు అటూ ఇటూ ఖాళీ వదలకండి, ఆ ఖాళీ కూడా ప్యాటర్న్‌లో భాగమే. ప్రశ్నార్థకం కావాలంటే ముందు కంట్రోల్-వీ నొక్కాలి, లేకపోతే హెల్ప్ తెరుచుకుంటుంది.

లినక్స్ పెట్టెల మీద పనిచేసేవాళ్లు గ్రెప్‌కి (లైన్లు ఏరే లినక్స్ కమాండ్) బదులు ‘ఐపీ రూట్ షో రూట్ 10.1.0.0/16’ వాడి చూడండి, అది లాంగర్-ప్రిఫిక్సెస్ లాంటిదే. మొదటి రూట్ దారి, రెండోది చెట్టు వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోయాయి, టైప్ చేసేటప్పుడు జాగ్రత్త.