పడవలో పోర్టబుల్ టాయిలెట్: సామాను మంచిదే, పారబోసే చోటే లేదు

నల్గొండ జిల్లా వైజాగ్ కాలనీ దగ్గర నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో నాకొక ఇంజిన్ పడవ ఉంది. ఆదివారం వచ్చిందంటే హైదరాబాద్, దేవరకొండ నుంచి ఫ్యామిలీలు దిగుతాయి. పడవెక్కాల్సి వస్తుందని ఆడవాళ్లు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లు. మగవాళ్లకు ఆ టెన్షన్ లేదు, పడవ వెనక నిలబడితే సరి. ఇక చూడలేక ఆన్‌లైన్‌లో ఇది తెప్పించాను.

పైన సీటు, 15 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు. కింద 20 లీటర్ల మురుగు ట్యాంకు. మధ్యలో జారుడు మూత. పిడి లాగితే అంతా కిందికి పోతుంది, మూసేస్తే వాసన రాదు. ఈ విషయంలో వంక పెట్టడానికి లేదు. చుట్టూ టార్పాలిన్ పరదా మేమే కట్టుకున్నాం.

డబ్బా మీద మాత్రం యాభై ఫ్లష్‌లు అని రాశారు. అది కాగితంతో తుడుచుకునేవాళ్ల లెక్క. మనవాళ్లు చెంబెడు నీళ్లు పోసుకోకుండా లేస్తారా? మధ్యాహ్నానికే ట్యాంకు నిండినట్టు ఎర్ర గుర్తు పడుతుంది. అందుకే పది లీటర్ల మోడల్ జోలికి పోవద్దు.

ఇంకొకటి, మన ఎండలకు కింది ట్యాంకులో గాలి ఉబ్బుతుంది. పారబోసేటప్పుడు గాలి బటన్ నొక్కకుండా వంచారో, చొక్కా మీదికి చిమ్ముతుంది. ట్యాంకులో పోసే నీలం మందులోనూ జాగ్రత్త కావాలి. ఫార్మాల్డిహైడ్ ఉన్నది కొంటే సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులే చస్తాయి. అది లేని రకం అడిగి తీసుకోండి.

అసలు చిక్కు పారబోయడం దగ్గరే. మా పడవ పిల్లగాడు మొదటి రోజే అన్నాడు: "అన్నా, గింత నీళ్లల్ల గదేం గనపడ్తది, కలిపెయ్యరాదె!" ఈ నీళ్లే పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి కోదండాపురంలో శుద్ధయి హైదరాబాద్‌కు పోతాయి. పడవలో కూర్చున్న సారు వాళ్లింటి నల్లాకే పోతాయిరా అంటే నోరు మూశాడు.

విశాఖలో ఓడల మీద పనిచేసే మా బావను అడిగితే సముద్రం లెక్క చెప్పాడు. దేశాలు దాటే పెద్ద ఓడలకు మార్పోల్ అని, ఓడల కాలుష్యాన్ని ఆపే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దాని నాలుగో అనుబంధం వర్తిస్తుందట, 2003 నుంచి అమల్లో ఉంది. ముక్కలు చేసి క్రిములు చంపిన మురుగైతే తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాకే వదలాలి. పచ్చి మురుగైతే 12 దాటాలి, అంటే 22 కిలోమీటర్లు. అదీ ఒక్కసారి గుమ్మరించకుండా, ఓడ కనీసం 4 నాట్ల (గంటకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు) వేగంతో పోతుండగా కొంచెం కొంచెంగా. మన దగ్గర అంత దూరం పోతే అవతలి గట్టెక్కి అడవిలో ఉంటాం.

నదులు, రిజర్వాయర్ల లాంటి లోతట్టు నీళ్లలో తిరిగే పడవలకైతే 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. పడవల మురుగును తీసుకునే ఏర్పాటు టెర్మినళ్ల (రేవుల) దగ్గర ఉండాలని అందులో ఉంది. మా ఒడ్డున అలాంటిదేం లేదు. నిండిన ట్యాంకును ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చి మా లెట్రిన్‌లోనే పోస్తున్నాను. మా ఆవిడ ముఖం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నాలుగు స్టార్లు. జారుడు మూత రబ్బరు సీల్ విడిగా ఎక్కడా దొరకదు, ఒకటి కోత పడుతుంది అందుకే.