ఆగస్టు 16 పేజీ: ఆరేళ్లుగా నా బల్ల మీద ఉన్న సంగీత తేదీల పుస్తకం

ఇలాంటి పుస్తకాల అమరిక అందరికీ తెలిసినదే. తేదీకి ఒక పేజీ చొప్పున, ఆ తేదీన పాపులర్ సంగీత చరిత్రలో జరిగిన సంఘటనలను సంవత్సరాల వరుసలో, రెండేసి మూడేసి వాక్యాలలో చెబుతారు. ఆరేళ్లుగా ప్రతి ఉదయం ఆ నాటి పేజీ చదువుతున్నాను. ఇన్నాళ్లూ దీనిని వదలలేకపోవడానికి కారణం ఒక్కటే: చరిత్ర గ్రంథాలు వేర్వేరు అధ్యాయాలలో దూరదూరంగా కూర్చోబెట్టే మనుషులను ఈ పుస్తకం ఒకే పేజీలో పక్కపక్కన నిలబెడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆగస్టు 16 పేజీ. 1938లో ఆ రోజున, అమెరికా నల్లజాతి వారి పాట అయిన బ్లూస్ పాడే గాయకుడు రాబర్ట్ జాన్సన్ మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ దగ్గర, కేవలం 29 పాటలు రికార్డు చేసి, చిన్న వయసులోనే మరణించారు. 1958లో మిషిగన్‌లోని బే సిటీలో పాప్ గాయని మడోనా పుట్టారు. 1962లో బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్, రెండేళ్లుగా ఆ బృందానికి డ్రమ్స్ వాయిస్తున్న పీట్ బెస్ట్‌ను పిలిపించి, ఇక ఆయన స్థానంలో రింగో స్టార్ ఉంటారని చెప్పారు. 1977లో మెంఫిస్‌లో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 42 ఏళ్లకు, 2018లో మిషిగన్‌లోని డెట్రాయిట్‌లో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ 76 ఏళ్లకు కన్నుమూశారు.

మొదటి రెండేళ్లు వీటిని విడివిడి వార్తలుగానే చదివాను. మూడో ఏడు చదువుతున్నప్పుడు ఊళ్ల పేర్లు ఒకదానితో ఒకటి ముడిపడటం గమనించాను. జాన్సన్ మరణించిన మిసిసిపీలోనే, అంతకు మూడేళ్ల క్రితం, టూపెలో పట్టణంలో ఎల్విస్ పుట్టారు. ఎల్విస్ మరణించిన మెంఫిస్‌లో 1942లో అరీతా పుట్టారు. అరీతా మరణించిన మిషిగన్ రాష్ట్రమే మడోనా జన్మస్థలం. వీరి తేదీలు కలవడం కేవలం కాకతాళీయమే. అయితే మిసిసిపీ నుంచి మెంఫిస్‌కు, అక్కడి నుంచి డెట్రాయిట్‌కు సాగే ఆ దారి మాత్రం, బతుకుతెరువు కోసం దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు తరలిన లక్షలాది నల్లజాతి కుటుంబాలు తమ పాటను వెంటబెట్టుకుని నడిచిన దారే. పాస్టరైన తండ్రితో కలిసి అరీతా చిన్నతనంలోనే డెట్రాయిట్ చేరడం కూడా ఆ వలసలో భాగమే. పుస్తకం ఈ మాట ఎక్కడా చెప్పదు, కానీ అది మనకు కనబడేలా పేజీని పేరుస్తుంది. అందుకు నేను ఎప్పటికీ కృతజ్ఞుడిని.

ఆ మరుసటి రోజు పేజీయే నన్ను నొప్పించింది. వారానికొకసారి కలిసి పాటలు వినే మా చిన్న బృందంలో, ఆ నాటి సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పే బాధ్యత నాది. ఒక ఆగస్టు 17 సాయంత్రం, పుస్తకాన్ని నమ్మి, 1969లో సరిగ్గా ఇదే రాత్రి గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వుడ్‌స్టాక్ అనే సంగీత ఉత్సవాన్ని ముగించారని, లక్షల మంది ఎదుట అమెరికా జాతీయ గీతాన్ని గిటారు మీద చీల్చి వినిపించారని చెప్పాను. తరువాత ఆ భాగాన్ని తెర మీద చూస్తుండగా, మాలో అందరికంటే పెద్దాయన నెమ్మదిగా అడిగారు: రాత్రి అన్నారు కదా, ఆయన తెల్ల చొక్కా మీద ఎండ ఎందుకు పడుతోంది, మైదానం ఇంత ఖాళీగా ఎందుకు ఉంది? నా దగ్గర జవాబు లేదు.

తరువాత వెతికి చదివితే సంగతి తెలిసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్‌లో, మాక్స్ యాస్గర్ పాడి పొలంలో జరిగిన ఆ ఉత్సవాన్ని 15, 16, 17 తేదీలకే ప్రకటించారు. ఆదివారం మధ్యాహ్నం జో కాకర్ పాడి దిగిన వెంటనే గాలివాన వచ్చి కార్యక్రమం గంటల తరబడి ఆగిపోయింది. ఆ తరువాతి బృందాలన్నీ వెనక్కి జరిగాయి. అందరికంటే చివర పాడవలసిన హెండ్రిక్స్ వేదిక ఎక్కేసరికి సోమవారం, ఆగస్టు 18, ఉదయం సుమారు 9 గంటలు. నాలుగు లక్షలకు పైబడిన జనంలో ఎక్కువమంది అప్పటికే ఇళ్లకు బయలుదేరారు. ఇది కేవలం ఒక అంకె తేడా కాదు. తడిసి బురదైన పొలంలో, నిద్రలేని కళ్లతో మిగిలిన కొద్దిమంది ముందు తెల్లవారాక మోగిన ఆ గీతం, రాత్రి జనసముద్రం ముందు మోగినట్లు నేను వర్ణించిన గీతం వేరువేరు. నేను తేదీతోపాటు ఆ సంగీతాన్నే తప్పుగా పరిచయం చేశాను.

అప్పటి నుంచి పేజీలను పెన్సిల్‌తో చదవడం అలవాటైంది. నేను ఇంతగా మెచ్చుకున్న ఆగస్టు 16 పేజీలోనూ వుడ్‌స్టాక్ రెండో రోజున ద హూ బృందం వాయించిందని ఉంది; వారు వేదిక ఎక్కింది 17 తెల్లవారుజామున. బీటిల్స్ వారి సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ జూన్ 1 పేజీలో ఉంది. 1967లో ప్రకటించిన తేదీ అదే అయినా, బ్రిటన్‌లో ఆల్బమ్ మే 26నే అమ్మకానికి వచ్చింది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య డిసెంబరు 8న ఉండటం తప్పు కాదు, అయితే న్యూయార్క్‌లో ఆ రాత్రి సుమారు 11 గంటలైనప్పుడు ఆయన పుట్టిన ఇంగ్లండ్ నగరం లివర్‌పూల్‌లో 9వ తేదీ తెల్లవారుజామైందని ఒక్క వాక్యం రాసి ఉండవచ్చు. జాన్సన్ మరణ ధ్రువపత్రాన్ని గేల్ డీన్ వార్డ్‌లో అనే పరిశోధకుడు 1968లో వెలికితీశారు. ఆ తేదీని మనం ధీమాగా చెప్పగలుగుతున్నది ఆయన శ్రమ వల్లనే, అయినా పుస్తకంలో ఆయన పేరు లేదు.

నా అనుభవంలో రికార్డింగ్ తేదీలు చాలావరకు నమ్మదగినవి. 1954 జూలై 5న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్, 1936 నవంబరు 23న శాన్ ఆంటోనియోలో జాన్సన్ వంటివి వేరే గ్రంథాలతో సరిపోయాయి. విడుదల తేదీల దగ్గర కొంచెం ఆగాలి. అర్ధరాత్రి దాటిన కచేరీల దగ్గర ఈ పుస్తకాన్ని ఒంటరిగా నమ్మకూడదు.

పొద్దున్నే పది నిమిషాలు చదివి, సరిచూసుకోవడానికి వేరే పుస్తకాలు అందుబాటులో ఉన్న నాలాంటివారికి ఇది మంచి తోడు. నలుగురి ముందు మాట్లాడటానికో రాయడానికో ఇదొక్కటే ఆధారమైతే కొనమని చెప్పలేను. పైగా నేనిప్పుడు ప్రేమిస్తున్నది అచ్చు పేజీలనా, అంచుల్లో నేను రాసుకున్న పెన్సిల్ గీతలనా అన్నది నాకే స్పష్టంగా తెలియదు కనుక, కొత్త ప్రతి చేతికి తీసుకునేవారి తరఫున తీర్పు చెప్పడం కష్టం. నా ప్రతిలో ఆగస్టు 18 పేజీ అడుగున, అచ్చులో లేని ఒక వరుస ఉంది: 1969, హెండ్రిక్స్, ఉదయం, ఎండలో.