పచ్చదీపాన్ని నమ్మి మోసపోయాం: మా అపార్ట్‌మెంటు ఫైర్ అలారంతో ఏడేళ్లు

హైదరాబాద్ నిజాంపేటలో మేముండే అపార్ట్‌మెంటుకు 2018లో 12 జోన్ల (భాగాల) కన్వెన్షనల్ ఫైర్ అలారం ప్యానెల్ పెట్టారు. అంటే అలారం ఏ జోన్‌లో వచ్చిందో మాత్రమే చూపే రకం. సెల్లార్‌కు ఒకటి, గ్రౌండ్ ఫ్లోర్‌కు ఒకటి, పైనున్న 10 అంతస్తులకు అంతస్తుకొకటి చొప్పున జోన్లు ఉన్నాయి. నేను ఒక కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి, అసోసియేషన్ వారు దీని బాగోగులు నాకు అప్పగించారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా ప్యానెళ్లు ఎవరు తయారుచేసినా లోపలి పద్ధతి దాదాపు ఒకటే. పైగా మేము పడ్డ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పరికరం వల్ల వచ్చినవి కావు, దాన్ని బిగించిన తీరు వల్ల, పరీక్షించకుండా వదిలేయడం వల్ల వచ్చినవి.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. ఈ ఏడేళ్లలో ప్యానెల్ బోర్డు ఒక్కసారి కూడా చెడిపోలేదు. ఉరుములు మెరుపుల వానల్లో లిఫ్టు బోర్డు రెండుసార్లు కాలిపోయినా దీనికేమీ కాలేదు. మీటలు తక్కువ కాబట్టి, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌కు దీన్ని వాడడం అరగంటలో నేర్పగలిగాను. పొగను పసిగట్టే 68 డిటెక్టర్లలో వాటంతటవి పాడైనవి మూడే.

అసలు కథ ఏడో అంతస్తులో బయటపడింది. అది చెప్పే ముందు లైను ఎలా ఉంటుందో చెప్పాలి. ప్రతి జోన్‌కూ ప్యానెల్ నుంచి రెండు వైర్లు బయలుదేరి, ఒక డిటెక్టర్ బేస్ (సీలింగ్‌కు బిగించే పీఠం) నుంచి ఇంకోదానికి గొలుసుకట్టుగా సాగి, చిట్టచివరి బేస్‌లో ఒక చిన్న రెసిస్టర్‌తో ముగుస్తాయి. మా ప్యానెల్‌కు అది 4.7 కిలో ఓములది. పసుపు, ఊదా, ఎరుపు, బంగారు రంగు పట్టీలతో బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. 24 వోల్టుల లైనులో దీని గుండా సుమారు 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. ఎక్కడైనా వైరు తెగినా, ఎవరైనా డిటెక్టర్‌ను బేస్ నుంచి తిప్పి ఊడదీసినా ఆ కరెంటు ఆగిపోయి, ప్యానెల్ మీద పసుపు దీపం వెలిగి బజర్ కూస్తుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చదీపమే ఉంటుంది. అంటే ఆ రెసిస్టర్ లైను చివర ఉంటేనే వైరు మొత్తానికి కాపలా ఉన్నట్టు.

2021 నవంబరులో పరీక్ష చేస్తూ ఏడో అంతస్తు చివరి డిటెక్టర్‌ను ఊడదీశాను. ప్యానెల్ దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే "ఏం రాలేదు సార్, పచ్చలైటే ఉంది" అన్నాడు. దాని పక్కది తీశాను, అప్పుడూ పచ్చలైటే. కిందికి వచ్చి ప్యానెల్ తలుపు తీసి చూస్తే, ఏడో అంతస్తు జోన్ టెర్మినల్ మీదే ఆ బియ్యపు గింజ వంకర తిరిగి కనిపించింది. తరువాత ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూస్తే, మూడో డిటెక్టర్ దాటిన తరువాత తెగిన వైరు కొసలు నల్ల టేపు చుట్టి ఉన్నాయి. పైపు మరమ్మతు చేసినవారు వైరు తెగ్గొట్టారు, ప్యానెల్ కూసింది, కూత ఆపడానికి వచ్చిన మనిషి తెగినచోటు వెతకకుండా రెసిస్టర్‌ను ప్యానెల్ దగ్గరే బిగించి వెళ్లిపోయాడు. రిజిస్టరులో 14 నెలల క్రితం తేదీతో "ఫాల్ట్ క్లియర్" అని నా సంతకం కూడా ఉంది. ఆ 14 నెలలూ ఎనిమిది డిటెక్టర్లలో ఐదు ఉత్త ప్లాస్టిక్ బొమ్మలే. అప్పుడు ఆ రెసిస్టర్ బిగించిన కుర్రాణ్ణి నిలదీస్తే, "పచ్చలైటు ఉంది కదా సార్, ఇంకేం చూస్తారు?" అన్నాడు. సంతకం పెట్టినప్పుడు నేను చూసింది కూడా ఆ పచ్చలైటే కాబట్టి అతణ్ణి గట్టిగా అనలేకపోయాను.

ఆ వైరు బాగుచేయించేటప్పుడు దగ్గరుండి గమనించినవి కొన్ని ఉన్నాయి. ప్యానెల్‌లో చెయ్యి పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లోపల 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి వాటి తీగ కూడా తీసి, 230 వోల్టుల టెర్మినల్‌ను మీటరుతో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. 24 వోల్టులు మనిషికి షాక్ కొట్టకపోవచ్చు గానీ, స్క్రూడ్రైవర్ జారి బ్యాటరీ టెర్మినళ్లు రెండింటినీ తాకితే లేచే నిప్పురవ్వకు వేళ్లు కాలతాయి, బోర్డూ పోతుంది. ఫాల్స్ సీలింగ్ పైన లైట్ల వైర్లు అలారం వైర్ల మీదుగానే పోతున్నాయని పలక ఎత్తాకే తెలిసింది. అందుకని ఆ అంతస్తు లైట్ల ఎంసీబీ కూడా ఆపించి, అల్యూమినియం నిచ్చెన పక్కన పెట్టించి ఫైబర్ నిచ్చెన తెప్పించాము. కింద పట్టుకోవడానికి ఇంకొకరు లేకుండా ఎవరినీ పైకి ఎక్కనివ్వలేదు. మరొక జాగ్రత్త మెగ్గర్ (వైరు ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) విషయంలో అవసరం. కొత్త వైరు ఇన్సులేషన్ చూడడానికి 500 వోల్టులు ఎక్కించే ముందు డిటెక్టర్లన్నీ ఊడదీసి, ప్యానెల్ వైపు కొసలు కూడా విప్పాలి. లేకపోతే అన్నింటిలోని ఎలక్ట్రానిక్స్ ఒక్క దెబ్బకు పోతాయి.

పరీక్షకు మొదటి రెండేళ్లూ మేము అగరబత్తీ వాడాము. అది పొరపాటు. దాని జిడ్డు డిటెక్టర్ లోపలి గదిలో పేరుకుని, తరువాత చిన్న దుమ్ముకే తప్పుడు అలారాలు మొదలయ్యాయి. ఇప్పుడు దీనికోసమే అమ్మే పొగ స్ప్రే డబ్బాను, దాని మీద రాసిన దూరం పాటించి కొడుతున్నాము. డిటెక్టర్ మీది ఎర్ర చుక్క వెలిగిందా, ప్యానెల్ మీద సరైన జోన్ చూపిందా, హూటర్ మోగిందా అని మూడూ విడివిడిగా రాసుకుంటాము. డిటెక్టర్‌కున్న టెస్ట్ సదుపాయంతో సరిపెట్టుకుంటే పొగ లోపలికి వెళ్లే దారి తెరిచి ఉందో లేదో తెలియదు. పెయింటింగ్ అయిన నాలుగు నెలలకు స్ప్రే కొట్టినప్పుడే, రెండు డిటెక్టర్లకు పెయింటర్లు కట్టిన పాలిథిన్ కవర్లు అలాగే ఉన్నాయని తెలిసింది.

పరీక్ష రోజు ముందుగా ఆపుకోవలసినవి కూడా ఉన్నాయి. అలారం మోగగానే మా లిఫ్టు గ్రౌండ్‌కు దిగి తలుపులు తెరుచుకుని ఆగిపోతుంది. ఒకసారి లిఫ్టుకు ఆ సంకేతం పంపే రిలే (స్విచ్) వైరు విడదీయడం మరిచిపోయాము. కూరగాయల సంచీతో తొమ్మిదో అంతస్తుకు వెళుతున్న పెద్దావిడ మళ్లీ కిందికే వచ్చేసి, "నేను పైకి పోవాలి నాయనా, కిందికి తెచ్చావేం?" అని నన్ను కోప్పడింది. అప్పటి నుంచి లిఫ్టు, సెల్లార్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, పంపు రిలేల పేర్లు ఒక అట్ట మీద రాసి ప్యానెల్ తలుపుకే వేలాడదీశాను. విడదీసినప్పుడు ఒక టిక్కు, తిరిగి కలిపినప్పుడు ఇంకో టిక్కు పెట్టాలి. రెండో టిక్కే ముఖ్యం.

బ్యాటరీల దగ్గర కూడా పచ్చదీపం లాంటి మోసమే ఉంది. మూడో ఏడాది మెయిన్ ఆపి మీటరు పెడితే 26 వోల్టులు చూపింది, బాగానే ఉందనుకున్నాము. హూటర్లు మోగించగానే నిమిషంలో 19కి పడిపోయి ప్యానెల్ ఆరిపోయింది. లోడు మీద చూడని బ్యాటరీ పరీక్ష పరీక్షే కాదు. అప్పుడు మార్చిన 7 ఆంపియర్ అవర్ల జత మీద మార్కరుతో తేదీ రాశాను, అవి నాలుగేళ్లు వచ్చాయి.

ఇప్పటికీ నాకు నచ్చనిది హూటర్ల శబ్దం. నిద్రపోయేవారి మంచం దగ్గర 75 డెసిబెల్స్ వినిపించాలని ఫైర్ అలారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2189 చెబుతోంది. కారిడార్‌లోని హూటర్ శబ్దం మూసిన తలుపులు దాటి, ఏసీ మోత మధ్య మా పడకగదిలోకి వచ్చేసరికి ఫోన్‌లోని యాప్‌లో 58 కనిపించింది. యాప్ లెక్క కచ్చితమైనది కాకపోయినా, చెవికే తేడా తెలుస్తోంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయిన తరువాత, అంతవరకు పరీక్షంటే విసుక్కున్నవారే ఇంట్లోకి కూడా హూటర్ కావాలని అడిగారు. కారిడార్ చివర్లలో ఒక్కొక్కటి అదనంగా పెట్టించాము. ఇళ్లలోకి మాత్రం ఇంకా పెట్టలేదు.

తప్పుడు అలారాలు లేవని చెప్పను. వానాకాలంలో దోమల మందు పొగ సెల్లార్‌లోకి కొట్టినప్పుడల్లా అక్కడి పొగ డిటెక్టర్లు మోగేవి. అవి తీయించి ఉష్ణోగ్రత పెరుగుదలను పసిగట్టే రకం పెట్టించాలని కొందరన్నారు. వాటిని ఇంకా దగ్గర దగ్గరగా పెట్టాలి, పైగా పొగను అవి పసిగట్టవు కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఫాగింగ్‌కు వచ్చేముందు చెప్పమని వార్డు సిబ్బందిని అడిగాము, ఇప్పుడు వాళ్లు ఫోన్ చేస్తున్నారు. ఆ గంట సేపు ఆ ఒక్క జోన్‌ను ఆపి, వాచ్‌మన్‌ను సెల్లార్‌లోనే నిలబెడుతున్నాము.

ఈ రోజు కొత్తగా కొనేవారైతే, పది అంతస్తుల భవనానికి నేను అడ్రసబుల్ రకమే తీసుకోమంటాను. ఏ డిటెక్టరో పేరుతో సహా చూపుతుంది. లూపు రెండు కొసలూ ప్యానెల్‌కే చేరతాయి కాబట్టి, వైరు ఒకచోట తెగితే ఆ సంగతి చెబుతూనే అన్ని డిటెక్టర్లతోనూ పనిచేస్తూ ఉంటుంది. కన్వెన్షనల్ ఇప్పటికే ఉన్నవారు మార్చాల్సిన పని లేదు గానీ, ప్రతి జోన్ చివరి డిటెక్టర్‌ను ఒకసారి ఊడదీసి పసుపు దీపం వెలుగుతుందో లేదో చూడండి. మా దగ్గర చివరి బేస్‌లన్నింటికీ పక్కన ఎర్ర పెయింటు చుక్క పెట్టించాను. వచ్చే ఏప్రిల్‌లో బాధ్యత తీసుకునే కొత్త కార్యదర్శికి తాళాలతో పాటు ఆ 12 చుక్కల పటం కూడా ఇస్తాను.