“మీది ఏ ఊరు?” అని అడిగిన కౌన్సెలర్: ఆన్‌లైన్ స్కూల్‌తో మా రెండేళ్లు

మా అమ్మాయి ఎన్ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు) పన్నెండో తరగతిని ఒక ఆన్‌లైన్ స్కూల్ ద్వారా చదివింది. వీడియో పాఠాలు, యాప్, టెస్టుల సంగతి ఎవరిని అడిగినా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను. ఇది కౌన్సెలింగ్ గురించి మాత్రమే. పాఠాల ఫీజు కాకుండా దానికోసం విడిగా ఏడాదికి 18 వేలు కట్టాం.

మా వారిది పవర్ ప్లాంట్ కాంట్రాక్టుల్లో ఉద్యోగం. పని ఎక్కడుంటే మా కాపురం అక్కడ. పాప ఏడో తరగతి దాకా హనుమకొండలో, ఎనిమిది నుంచి పది దాకా ఒడిశాలోని ఝార్సుగూడలో చదివింది. 2023లో పది పాసైందో లేదో, గుజరాత్‌లోని ముంద్రాకు బదిలీ అయింది. మేం సామాన్లు సర్దుకుని చేరేసరికి బళ్లలో అడ్మిషన్లు అయిపోయాయి. అలా ఆన్‌లైన్‌కి వచ్చాం, ఇష్టపడి కాదు.

ఫారం నింపే రోజు కౌన్సెలర్ మేడం గంటసేపు ఫోన్లో ఉన్నారు. కోలార్ వైపు ఆవిడ, తెలుగు చక్కగా మాట్లాడతారు. సబ్జెక్టుల సంగతి పది నిమిషాల్లో తేల్చేశారు. తర్వాత, “అమ్మా, మీ సొంతూరేది?” అని అడిగారు. హనుమకొండ అన్నాను. “అయితే స్టడీ సెంటర్ భుజ్‌లో పెట్టకండి, వరంగల్ వైపు పెట్టండి” అన్నారు.

నాకు చిర్రెత్తింది. ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌లోనే చేయాలి. భుజ్ అయితే పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. వరంగల్ అంటే అహ్మదాబాద్ దాకా వెళ్లి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఎదిగిన పిల్లను వెంటేసుకుని రానూపోనూ నాలుగు రోజులు. ఇంట్లో కూర్చుని చదవచ్చని కదా దీంట్లో చేరాం, ఇదేం గోల అనుకున్నాను.

మేడం విసుక్కోకుండా వివరించారు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు ఉంటాయి. జేఈఈ మెయిన్‌లో ఏ రాష్ట్రం అనేది సొంతూరిని బట్టో, ఇప్పుడు ఉంటున్న ఊరిని బట్టో తేలదు. పన్నెండు ఎక్కడ పాసయ్యారన్నదే చూస్తారు. ఎన్ఐఓఎస్ వాళ్లకైతే స్టడీ సెంటర్ ఏ రాష్ట్రంలో ఉంటే అదే. భుజ్ పెడితే పాప గుజరాత్ పిల్ల అవుతుంది, సగం సీట్ల లెక్క సూరత్ ఎన్‌ఐటీలో చూసుకోవాలి. వరంగల్ ఎన్‌ఐటీకి కూతవేటు దూరంలో పుట్టిన పిల్ల అక్కడ బయటి రాష్ట్రం వరసలో నిలబడాలి.

ఈ మాట మాకు ఇంకెవరూ చెప్పలేదు. అంతకుముందు రెండు కోచింగ్ సంస్థల వాళ్లతో మాట్లాడాం, ఒక్కరూ స్టడీ సెంటర్ ఊసెత్తలేదు. ఆ రోజే స్కూల్ వాళ్లకు పొగుడుతూ పెద్ద మెసేజ్ పెట్టాను. పాప పది పాసై రెండేళ్లు నిండేదాకా ఎలాగూ పన్నెండు పూర్తి కాదు కాబట్టి, ఇంగ్లిష్, కంప్యూటర్ సైన్స్ 2024 ఏప్రిల్‌లో రాయించి, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ 2025 ఏప్రిల్‌కు అట్టేపెట్టడం కూడా మేడం ఆలోచనే. ఆ రెండూ ముందే అయిపోవడంతో రెండో ఏడాది పాపకు సగం టెన్షన్ తగ్గింది. 20 శాతం మార్కులుండే టీఎంఏలు (ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లు) గడువుకు వారం ముందే అప్‌లోడ్ చేయించేవారు.

యాప్‌లో రంగురంగుల ప్లానర్ ఒకటి ఉంటుంది. పాప మొదటి వారం చూసింది, మళ్లీ తెరవలేదు. “మనసు విప్పి మాట్లాడండి” అంటూ ఇంకో కౌన్సెలర్‌ను కూడా ఇచ్చారు. రెండేళ్లలో ముగ్గురు మారారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మీ హాబీలేంటి దగ్గర్నుంచి మొదలు. మూడో ఆవిడ వచ్చాక పాప కెమెరా ఆఫ్ చేసి అన్నం తింటూ “ఓకే మేడం, ఓకే మేడం” అనేది. తోటిపిల్లలు లేక పిల్ల కుంగిపోతోందని మాకూ ఆలస్యంగానే అర్థమైంది, వాళ్లనొక్కళ్లనే అని లాభం లేదు.

అసలు దెబ్బ 2025 మార్చిలో తగిలింది. తెలంగాణ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా ఇంట్లో ఎంసెట్టే) ఫారం నింపుతున్నాం. ఏ తరగతి ఏ ఊళ్లో చదివారో అడిగింది. ఎందుకైనా మంచిదని మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్.

“అక్కా, ఎనిమిది నుంచి పది దాకా ఒడిశా అంటున్నావ్. తర్వాత రెండేళ్లు ఎక్కడున్నారు?”

“ముంద్రాలో. కానీ సెంటర్ వరంగల్‌దే కదరా, లోకలే అవుతుందని మేడం చెప్పారు.”

“ఎంసెట్‌కి సెంటర్ చూడరక్కా, తొమ్మిది నుంచి నాలుగేళ్లూ ఇక్కడ చదివారా అనే చూస్తారు. బడికి పోకుండా ప్రైవేటుగా చదివితే ఇక్కడే ఉన్నట్టు తహసీల్దార్ దగ్గర నివాస ధ్రువపత్రం తేవాలి. మీరు ఇక్కడ లేనే లేరు, ఎలా తెస్తావ్? పాప నాన్‌లోకల్.”

కాళ్లకింద నేల కదిలినట్టయింది. లోకల్ వాళ్లకు 85 శాతం సీట్లు. మా పిల్లకు మిగిలింది ఆ పక్కనున్న 15 శాతమే. రెండేళ్లపాటు నెలకు రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. పిల్ల ఎక్కడ చదివిందో మేడం ముందున్న ఫైల్లోనే ఉంది. జేఈఈలో ఊరి లెక్క అంత కచ్చితంగా పట్టుకున్న మనిషి, ఎంసెట్‌కీ అదే లెక్క అనుకుని వదిలేశారు. అడిగితే దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. “నేను బెంగళూరులో కూర్చుని జేఈఈ, కామెడ్‌కే (కర్ణాటక ప్రైవేటు కాలేజీల పరీక్ష) చూసేదాన్నమ్మా. మీ ఎంసెట్ రూల్ చూసుకోవాల్సింది, నాదే పొరపాటు” అన్నారు. ఆ మాటతో కోపం సగం దిగింది. సీటు సంగతి వేరే.

ఆ 15 శాతానికి కూడా కాగితం కావాలి. తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేయగా, రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపించాలి. మా అత్తయ్య హనుమకొండలో మీసేవ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగారు. పాత రేషన్ కార్డు, మా వారి డిగ్రీ సర్టిఫికెట్లు ట్రంకు పెట్టె అడుగునుంచి తీశారట. ఈ తిరుగుడు రెండేళ్ల ముందు తెలిసుంటే ఒక పండగ సెలవుల్లో నేనే వెళ్లి పూర్తి చేసేదాన్ని. నిజానికి ఎనిమిదో తరగతి నాడే తెలిసుంటే అసలు పిల్లను ఊళ్లోనే ఉంచేవాళ్లమేమో. అది ఈ స్కూల్ మొహం చూడకముందు సంగతి, ఆ పాపం వాళ్ల మీద వేయలేను.

ఇక ఫలితం. జేఈఈలో పాపకు వచ్చిన ర్యాంకుకు మన రాష్ట్రం కోటాలో కూడా వరంగల్‌లో సీటు రాలేదు. అంటే నేను అంత పొగిడిన స్టడీ సెంటర్ సలహా మాకు రూపాయి పని చేయలేదు, నవజీవన్ టికెట్ల ఖర్చే మిగిలింది. మేడం చూసుకోని ఎంసెటే చివరికి మాకు దిక్కయింది. ఘట్‌కేసర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. తమ్ముడి కాలేజీలో ఇంచుమించు అదే ర్యాంకు వచ్చిన లోకల్ అమ్మాయి ఇంకాస్త మంచి కాలేజీలో చేరింది. పాప ఆ సంగతి ఎత్తదు. నేనే అప్పుడప్పుడు లెక్కలు వేసుకుంటాను.

కౌన్సెలింగ్‌కి డబ్బు దండగ అంటానా? అనను. సొంతూళ్లోనే ఉంటూ, ఆరోగ్యం కోసమో ఆటల కోసమో ఆన్‌లైన్ చదువు ఎంచుకున్న వాళ్లకు మా చిక్కే రాదు. వాళ్లకు ఆ 18 వేలు గిట్టుబాటే. మాలా రాష్ట్రాలు మారేవాళ్లు మాత్రం కౌన్సెలర్ ఏ రాష్ట్రం పరీక్షలు చూస్తారో మొదటి ఫోన్‌లోనే అడిగేయండి. జవాబు నసిగితే మీ వైపు లెక్చరర్ ఎవరినైనా ఒకర్ని పట్టుకోండి. నాకు తమ్ముడున్నాడు కాబట్టి ఆ మార్చిలోనైనా తెలిసింది.

మా చిన్నోడు ఇప్పుడు ఎనిమిది చదువుతున్నాడు. వాడినీ చేర్చమని, కౌన్సెలింగ్‌లో రాయితీ ఇస్తామని స్కూల్ వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. వచ్చే జూన్‌లో వాణ్ని అత్తయ్య దగ్గర ఉంచి హనుమకొండ బళ్లో తొమ్మిదిలో వేస్తున్నాం. మేడంకి చెప్తే, “అదే మంచిదమ్మా, తొమ్మిది నుంచి నాలుగేళ్లూ కదపకండి” అన్నారు. ఈసారి రూల్ చూసుకునే చెప్పారట.