రెండున్నరేళ్ళు మోసిన డైపర్ బ్యాగు: కొనాలా, వద్దా?

మా పాప 2023 జనవరిలో పుట్టింది. అంతకు నెల ముందు, నాకు ఎనిమిదో నెలలో, ఆన్‌లైన్‌లో ఒక డైపర్ బ్యాగు కొన్నాను. వీపుకు తగిలించుకునే రకం, ముదురు బూడిద రంగు, 1,900 రూపాయలు. కొనే ముందు వారం రోజుల పాటు కనిపించిన సమీక్షలన్నీ చదివాను. దాదాపు అన్నీ బ్యాగు చేతికొచ్చిన రెండు మూడు రోజులకే రాసినవి. క్వాలిటీ బాగుంది, చాలా అరలున్నాయి, రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంది. బిడ్డను తీసుకుని బయటికి వెళ్తే అది ఎలా పనికొస్తుందో ఒక్కరూ రాయలేదు. అందుకే ఇన్నాళ్ళు వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే డిజైనును చాలామంది వేరువేరు పేర్లతో అమ్ముతున్నారు, నేను చెప్పేది అన్నిటికీ సరిపోతుంది.

పురుడు మా పుట్టింట్లో, ఖమ్మంలో. బ్యాగు తీసి చూపిస్తే అమ్మ లోపలికి తొంగి చూసి, "ఇన్ని అరలెందుకే? ఏది ఏ అరలో పెట్టావో నీకు గుర్తుంటదా?" అంది. మమ్మల్ని పెంచినప్పుడు అమ్మ దగ్గరున్నది ఒక వైరు బుట్ట. అందులో ఒక రబ్బరు షీటు, పాత నూలు చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, పాలసీసా, ఒక తువ్వాలు. అంతే. ఆ మాట నాకు అప్పుడు కొంచెం కష్టంగా అనిపించింది. కానీ వాడుతున్నకొద్దీ అమ్మ అడిగిందే అసలు ప్రశ్న అని తెలిసింది.

మొదటి మూడు నెలలు బ్యాగుకు పెద్దగా పని పడలేదు. మన ఇళ్ళలో బాలింతను, పసిగుడ్డును బయటికి పంపరు కదా. ఇంట్లో గుడ్డ లంగోటీలే కట్టేవాళ్ళం. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలకు మాత్రం ఆసుపత్రికి వెళ్ళాం. టీకా వేశాక అరగంట కూర్చోమనేవారు, డాక్టరు కోసం గంట. ఆ గంటన్నరకు రెండు డైపర్లు, ఒక జత బట్టలు, తడి వైప్స్, ఒక తువ్వాలు, టీకాల కార్డు చాలు. ఇవి ఏ గుడ్డ సంచిలోనైనా పడతాయి. కాబట్టి నెలలు నిండక ముందే కొనెయ్యాలన్న టెన్షన్ అక్కర్లేదు. బిడ్డ పుట్టాక, మీరు ఎంత తిరుగుతారో తెలిశాక కొన్నా ఆలస్యం కాదు.

ఒక్క విషయం మాత్రం ముందే ఆలోచించుకోండి. నాది ఆపరేషన్ కాన్పు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 లెక్కల్లో తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు ఆపరేషన్‌వే, అంటే ఇది చదివే చాలామంది పరిస్థితి ఇదే. బిడ్డ కంటే ఎక్కువ బరువు ఆరు వారాల దాకా ఎత్తొద్దని మా డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ బ్యాగు ఖాళీగా ఉంటేనే కిలోకు కొంచెం తక్కువ. నింపి వంటింటి కాటా మీద పెడితే నాలుగు కిలోలు చూపించింది. ఆ మొదటి నెలల్లో బ్యాగు మోసే మనిషి మీ పక్కన ఉండాల్సిందే. ఒంటి భుజానికి వేసుకునే అందమైన బ్యాగులు ఉంటాయి, వాటి జోలికి పోవద్దని నా మాట. పాలివ్వడానికి వంగి వంగి అప్పటికే మెడ, నడుము పట్టేసి ఉంటాయి.

ఐదో నెల దాటాక, జూన్‌లో, హైదరాబాదు మియాపూర్‌లో మా ఇంటికి వచ్చేశాం. అక్కడి నుంచి బ్యాగు పని మొదలైంది. నెలకోసారి ఖమ్మం ప్రయాణం. మియాపూర్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా మెట్రో, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సు. దాదాపు 200 కిలోమీటర్లు, ఐదు గంటలు అనుకోవాలి. సగం సార్లు మా ఆయనకు సెలవు దొరకదు, నేనూ పాపే. పాప ఒక చేతిలో ఉంటే, రెండో చెయ్యి బస్సు కమ్మీ పట్టుకోవడానికి కావాలి. ఆ డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సులు నిండిపోయాయి. ఆడవాళ్ళు టికెట్ డబ్బు కట్టకుండా ప్రయాణం చేయగలగడం ఎంత మంచిదో నాకు తెలుసు, నేనూ అలా వెళ్ళినదాన్నే. కానీ ఆ రద్దీలో పిల్లను ఎత్తుకుని బస్సెక్కాలంటే సామాను వీపున ఉండి తీరాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. మీ దగ్గర చేతిసంచి మాత్రమే ఉంటే, వీపుకు తగిలించుకునేది ఏదో ఒకటి కొనుక్కోండి.

అయితే వీపుకు తగిలించుకునే బ్యాగు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, లాప్‌టాప్‌తో పాటు ఇచ్చినదో, కాలేజీ నాటిదో. మరి డైపర్ బ్యాగు అని ప్రత్యేకంగా ఎందుకు? నా అనుభవంలో అది ఎక్కువ ఇచ్చినవి రెండే.

మొదటిది నోరు. జిప్పు తీయగానే పెట్టె మూతలా పూర్తిగా తెరుచుకుంటుంది, లోపల ఒక తీగ ఉంటుంది కాబట్టి మళ్ళీ మూసుకుపోదు. అడుగున ఉన్న గుడ్డ కూడా కనిపిస్తుంది. పాప ఏడుస్తోంది, ఒక చేత్తో వెతుకుతున్నాం, బస్సు ఊగుతోంది, ఆ సమయంలో దీని విలువ తెలుస్తుంది. లాప్‌టాప్ బ్యాగు లోతుగా, సన్నగా ఉంటుంది. అడుగున ఉన్నది కావాలంటే అన్నీ బయటికి తీయాలి. అమ్మ వైరు బుట్టకు ఉన్న గుణం కూడా ఇదే, పైనుంచి చూస్తే అన్నీ కనిపించేవి.

రెండోది దానితో వచ్చిన చాప. మడిస్తే పుస్తకమంత, విప్పితే పాప మెడ నుంచి కాళ్ళ దాకా పడుతుంది. ఒకవైపు మెత్తగా, ఇంకోవైపు నీళ్ళు దిగకుండా ఉంటుంది. మన దగ్గర పిల్లలకు డైపర్ మార్చే బల్ల ఎన్ని చోట్ల ఉంది? నేను వెళ్ళిన ఫంక్షన్ హాళ్ళలో ఒక్కదానిలోనూ చూడలేదు. పెళ్ళికూతురి గదిలోనో, మెట్ల కింద మూలనో మార్చాల్సి వచ్చింది. బస్సు సీటు మీద, ఆసుపత్రి బెంచీ మీద, చుట్టాల ఇంట్లో కొత్త బొంత మీద, అన్నిచోట్లా ఈ చాప పరిచాను. తడిగుడ్డతో తుడిచి, మడిచి పెట్టేస్తే అయిపోతుంది. ఇప్పటిదాకా ఒక్కరి పరుపూ పాడు కాలేదు. ఈ చాప విడిగా 300 రూపాయల లోపే దొరుకుతుందని నాకు తర్వాత తెలిసింది.

ఇక ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసినవాటి సంగతి. ముందు వైపు మూడు పాలసీసాల అరలు, లోపల వెండి రంగు లైనింగు, "పాలను గంటల తరబడి వెచ్చగా ఉంచుతుంది" అని. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఇది బిడ్డ ఆరోగ్యం విషయం. కలిపిన పాలపొడి పాలను గోరువెచ్చగా దాచిపెట్టడం మంచిది కాదు. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడే అనుకూలం. మరగబెట్టిన నీళ్ళు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలని, కలిపినవి బయట ఉంటే రెండు గంటల్లోపు పట్టేయాలని, మిగిలితే పారబోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను ఒకసారి తెలియక, ఇంట్లో కలిపిన సీసాను ఆ అరలో పెట్టి తీసుకెళ్ళాను. మూడు గంటల తర్వాత సూర్యాపేట దగ్గర హోటల్లో బస్సు ఆగినప్పుడు మూత తీస్తే పుల్లటి వాసన. పట్టలేదు, పారబోశాను. పాప ఆకలికి ఏడుస్తుంటే ఆ ఇరవై నిమిషాలు నాకు ఇంకా గుర్తే. అప్పటి నుంచి మంచి స్టీలు ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు, చిన్న డబ్బాలో కొలిచిన పొడి. అప్పటికప్పుడు కలిపి, సీసాను చల్లటి నీళ్ళ గిన్నెలో పెట్టి, చల్లారాక మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టడం. తర్వాత ఉగ్గుకు కూడా ఆ ఫ్లాస్కే పనికొచ్చింది.

పిండిన తల్లిపాలదీ ఇదే కథ. 25 డిగ్రీల వరకు ఉన్న గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు. మే నెలలో మన బస్సులో 25 డిగ్రీలు ఎక్కడ? ఐసు ప్యాకులు పెట్టిన, మూత బిగుసుకునే చల్లపెట్టె కావాలి. ఈ పల్చటి లైనింగు ఆ పని చేయదు. పైగా పద్నాలుగు నెలలకే పగిలి, వెండి పొట్టు రాలడం మొదలైంది. అది సీసా మూతకు అంటుకున్న రోజు, ఆ అరల్లో పాల వస్తువులు పెట్టడం మానేశాను. టోపీ, సాక్సులు పెట్టుకున్నాను.

ఫోను చార్జింగు రంధ్రం ఒకటి ఉంది. దానికి పవర్ బ్యాంకు మనమే కొనుక్కోవాలి, వైరు మనమే తెచ్చుకోవాలి. ఒక్కసారీ వాడలేదు. స్ట్రోలరుకు తగిలించే కొక్కేలు కూడా అంతే, మా వీధి ఫుట్‌పాత్ మీద స్ట్రోలరు నడిపే వీలే లేదు.

ఇప్పుడు మడత మంచం వచ్చే బ్యాగులు బాగా అమ్ముడవుతున్నాయి. మా ఆడపడుచు ఒకటి కొంది. విప్పి చూశాను. అడుగు అట్టముక్కలా ఉంది, పక్క గోడలు వలగుడ్డ. నాలుగైదు నెలలకే పిల్లలు బోర్లాపడతారు. అందులో బిడ్డను పడుకోబెట్టి చూపు పక్కకు తిప్పడానికి నాకు ధైర్యం రాలేదు. మంచం లేకపోతే ఆ బ్యాగు ఇంకాస్త తేలిక కూడా. దానికి పెట్టే అదనపు డబ్బు వృథా అనే చెబుతాను.

అరల గురించి అమ్మ అడిగింది నిజమే అన్నాను కదా. లోపలా బయటా కలిపి పద్దెనిమిది అరలు. మొదటి నెలంతా ప్రతిసారీ వెతుక్కున్నాను. ఒకసారి జ్వరం మందు చుక్కల సీసా కనపడక, రాత్రి పదకొండింటికి మందుల షాపుకి పరిగెత్తి కొత్తది కొన్నాం. పాతది మర్నాడు పక్క అరలో దొరికింది. ఆ తర్వాత పద్ధతి మార్చాను. లోపల మూడు చిన్న జిప్పు సంచులు పెట్టాను, లోపల ఏముందో కనిపించే రకం. ఒకదాంట్లో డైపర్లు, వైప్స్, రాషెస్ క్రీము. రెండోదాంట్లో ఒక జత బట్టలు, తువ్వాలు. మూడోదాంట్లో మందు చుక్కలు, థర్మామీటరు, టీకాల కార్డు, కొంచెం డబ్బు. డైపర్ మార్చాలంటే మొదటి సంచి, చాప తీసుకుంటే చాలు, బ్యాగు మోసుకెళ్ళే పని లేదు. ఇంటికి రాగానే, చెప్పులు విడిచిన వెంటనే, అయిపోయినవి నింపేస్తాం. ప్రయాణానికి రెండున్నర గంటలకు ఒక డైపరు చొప్పున లెక్క, పైన రెండు ఎక్కువ. నాకోసం కూడా ఒక కుర్తీ పెట్టుకోవడం ఏడో నెలలో నేర్చుకున్నాను.

వాడిన డైపర్లకు విడిగా నీళ్ళు దిగని జిప్పు సంచి ఒకటి, పాత వార్తాపత్రికలు నాలుగు షీట్లు. పేపర్లో చుట్టి, ఇంటికి తెచ్చి, చెత్త బండికి విడిగా ఇస్తాం. ఘన వ్యర్థాల నిబంధనలు కూడా అలాగే చుట్టి ఇవ్వమంటాయి. బస్సు కిటికీలోంచి విసిరేయడం నా కళ్ళతో చూశాను. దయచేసి ఆ పని చేయకండి, దాన్ని చేత్తో ఎత్తేది ఇంకో మనిషి.

ఈ మూడు సంచుల పద్ధతి వల్ల మా ఇంట్లో జరిగిన మంచి ఒకటుంది. అక్టోబరులో, తొమ్మిదో నెల టీకాకు, నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. మా ఆయన ఒక్కరే పాపను తీసుకెళ్ళారు. మధ్యలో నాకు ఒక్క ఫోనూ రాలేదు. డైపరు మార్చారు, బట్టలు మార్చారు, పాలు కలిపి పట్టారు, కార్డులో రాయించుకున్నారు. అన్నీ నా బుర్రలో మాత్రమే ఉన్నన్నాళ్ళు పిల్ల పని నాదే అయింది. ఎక్కడ ఏముందో ఇద్దరికీ తెలిశాక పని ఇద్దరిదీ అయింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నేను కొంచెంసేపు ఏడ్చాను. రంగు, ఆకారం ఇద్దరూ వేసుకోగలిగేలా ఎంచుకోమని అందరికీ చెప్పేది అందుకే.

మన్నిక విషయానికొస్తే, పట్టీల కుట్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పెద్ద జిప్పు రన్నరు ఏడాదిన్నరకు జారిపోయింది, మా వీధి చివర బ్యాగులు బాగుచేసే ఆయన 80 రూపాయలకు కొత్తది వేశాడు. లైనింగు వల్ల వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. సర్ఫు నీళ్ళలో చేత్తో ఉతికితే ఆరడానికి రెండు రోజులు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పాలు ఒలికితే వెంటనే కడగకపోతే వాసన వదలదు.

మొత్తం మీద నాకు ఇది బాగా ఉపయోగపడిన కాలం ఐదో నెల నుంచి ఏడాదిన్నర దాకా. ఆ తర్వాత పాప అన్నం తినడం, నడవడం మొదలుపెట్టింది, నా హ్యాండ్‌బ్యాగులోనే రెండు డైపర్లు, ఒక నిక్కరు సరిపోయాయి. నెలకోసారైనా బస్సో రైలో ఎక్కేవాళ్ళు, బిడ్డతో ఒంటరిగా తిరగాల్సినవాళ్ళు కొనుక్కోవచ్చు. 1,500 నుంచి 2,000 రూపాయలు దాటించొద్దు. టీకాలకు, దగ్గరి చుట్టాల ఇళ్ళకు తప్ప వెళ్ళనివాళ్ళు, సొంత కారున్నవాళ్ళు, ఉన్న బ్యాగులో మూడు జిప్పు సంచులు వేసి ఒక చాప కొనుక్కుంటే 600 రూపాయల్లో పని జరుగుతుంది.

మా చెల్లికి ఇప్పుడు ఏడో నెల. కొత్తది కొంటానంటే వద్దన్నాను. నా బ్యాగే రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరబెట్టి, పగిలిన లైనింగు కత్తిరించి తీసేసి పంపాను. చాప మాత్రం కొత్తది కొని లోపల పెట్టాను. ఫ్లాస్కు కూడా పెట్టాను.