ఆన్‌లైన్‌లో డెంటల్ ప్రాక్టికల్స్‌కి ఐదేళ్ళు మార్కులు వేశాక

2020లో కోవిడ్ వచ్చినప్పుడు హ్యాండ్‌పీస్ (పన్ను తొలిచే డ్రిల్) తిప్పితే లేచే తుంపరలంటేనే అందరికీ భయం, క్లినిక్కులు మూతపడ్డాయి, కానీ పరీక్షలు పెట్టక తప్పదు. అలా మొదలుపెట్టిన ఆన్‌లైన్ స్కిల్స్ అసెస్‌మెంట్‌ని మా విభాగంలో ఇప్పటికీ వాడుతున్నాం. ఎగ్జామినర్‌గా ఐదేళ్ళు దీని ముందు కూర్చున్నాను కాబట్టి మంచీ చెడ్డా రెండూ చెబుతాను.

పద్ధతి తేలికే. విద్యార్థి ఫాంటమ్ హెడ్‌లో (ప్రాక్టీసుకి వాడే బొమ్మ తల) టైపోడాంట్ పన్ను (కృత్రిమ పన్ను) మీద కావిటీ (ఫిల్లింగ్ కోసం తొలిచే గుంట) చేసి, ఐదు ఫోటోలు, ఒక చిన్న వీడియో అప్‌లోడ్ చేస్తాడు. పేరు కనబడదు, నంబరే ఉంటుంది. ఇద్దరు ఎగ్జామినర్లు ఒకరి మార్కులు ఒకరికి తెలియకుండా చెక్‌లిస్ట్ ప్రకారం వేస్తారు, తేడా ఎక్కువుంటే మూడో మనిషికి వెళ్తుంది. ఇవి కాక ఎక్స్‌రే చూసి రోగనిర్ధారణ చెప్పడం, ట్రీట్‌మెంట్ ప్లాన్ రాయడం, పేషెంట్‌గా నటించే వ్యక్తితో వీడియో కాల్‌లో మాట్లాడటం లాంటి స్టేషన్లుంటాయి. ఈ మూడింటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఆన్‌లైన్‌లో బాగానే నడుస్తాయి.

నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, నా మార్కుల్ని నేనే మళ్ళీ చూసుకోగలగడం. మూడో ఏడాది అనుకుంటా, పాత ఫోటోల్లో కొన్నిటిని నంబర్లు మార్చి, కొత్తవాటితో కలిపి మాకే మళ్ళీ ఇచ్చారు. వాటిలో ఒక కావిటీకి మొదటిసారి 10కి 7 వేశానట, రెండోసారి 4 వేశాను. పన్ను అదే, వేసిందీ నేనే! ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. తీసి చూస్తే మొదటిసారి దానికి ముందు వరసగా మూడు అధ్వానమైనవి చూసి ఉన్నాను, వాటి పక్కన ఇది బంగారంలా కనబడింది. ఇన్నేళ్ళుగా పళ్ళు చేత్తో పట్టుకుని మార్కులు వేసినప్పుడు ఇలా ఎంతమందికి జరిగిందో అనిపించింది. 1975లో వైద్యవిద్యా నిపుణుడు హార్డెన్, ఆయన సహచరులు స్కాట్లండ్‌లోని డండీలో ఓస్కీ (OSCE, స్టేషన్లవారీగా చెక్‌లిస్ట్‌తో పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పద్ధతి తెచ్చింది కూడా ఇందుకే కదా, ఎగ్జామినర్‌ని బట్టి, అదృష్టాన్ని బట్టి మార్కులు మారకూడదని. అప్పటినుంచి నేను ఒక్కో విద్యార్థివి మొత్తం చూడటం మానేసి, అందరివీ ముందు అవుట్‌లైన్ (కావిటీ అంచుల ఆకారం) ఒక్కటే, తర్వాత అందరివీ బాక్స్ (పన్ను పక్కవైపు దిగే భాగం) ఒక్కటే, ఇలా వేస్తున్నాను. టైము ఎక్కువ పడుతుంది కానీ మనసు కుదుటగా ఉంటుంది.

ఇక ఫోటోల సంగతి. ఇన్‌లే (బయట తయారుచేసి తెచ్చి అతికించే ఫిల్లింగ్) కోసం చేసిన క్లాస్ 2 కావిటీలో (పక్కపన్ను వైపు దాకా వెళ్ళేది) గోడలు పైకి వచ్చేకొద్దీ కొంచెం విచ్చుకోవాలి, ఎక్కడా అండర్‌కట్ (అడుగున గోడ లోపలికి తొలుచుకుపోవడం) ఉండకూడదు. ఒకమ్మాయి ఫోటోలో లింగ్వల్ గోడ (నాలుకవైపు గోడ) అడుగు అసలు కనబడలేదు, అండర్‌కట్ అని మార్కులు కోసేశాను. ఆ అమ్మాయి వచ్చి, "సర్, పన్ను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి సర్" అంది. ఒక కన్ను మూసుకుని పైనుంచి చూశాను. అడుగు అంచు చుట్టూ పూర్తిగా కనబడింది, ఎక్స్‌ప్లోరర్ (సన్నటి మొన ఉన్న పరికరం) గోడ మీద ఎక్కడా తట్టుకోకుండా జారింది. తప్పు కెమెరాది. ఒక్కో గోడ వాలు ఉండేదే 2 నుంచి 5 డిగ్రీలు, ఫోన్ అంతకన్నా కాస్త ఎక్కువ వంగితే చాలు, ఒక గోడ మొత్తం దాక్కుంటుంది. మార్కులు సరిచేశాం, ఆ అమ్మాయికి సారీ చెప్పాను. ఆ తర్వాత ఎవరి ఫోన్ వాళ్ళు వాడటం ఆపేసి, అందరికీ ఒకే స్టాండు, ఒకే కెమెరా, ఒకే దూరం పెట్టాం. లోతు తెలియడానికి కావిటీలో విలియమ్స్ ప్రోబ్ (మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీ) నిలబెట్టి ఒక ఫోటో తప్పనిసరి చేశాం.

వీడియోలతో ఇంకో బాధ. కెమెరా పన్ను మీదే ఉంటుంది, చెయ్యి కనబడదు. ఫింగర్ రెస్ట్ (చెయ్యి కదలకుండా వేలిని పక్కపళ్ళ మీద ఆనించడం) ఉందా లేదా, మిర్రర్‌లో చూసి చేస్తున్నాడా లేక నడుం మెలితిప్పి నేరుగా చూస్తున్నాడా, ఇవి ఫ్రేములోకి రావు. అందమైన కావిటీ చేసినవాడు రెస్ట్ లేకుండా చేసుంటే, రేపు పేషెంట్ ఉలిక్కిపడ్డప్పుడు బర్ (డ్రిల్ మొన) నాలుకకో చెంపకో తగులుతుంది. అందుకే భుజం వెనక రెండో కెమెరా కావాలని పట్టుబట్టి పెట్టించాను. అది వచ్చాక పద్ధతికి విడిగా మార్కులు వేయగలుగుతున్నాం.

స్కానర్‌తో స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆదర్శ నమూనాతో పోల్చడం కూడా ఏడాదిన్నర చేశాం. క్రౌన్ ప్రిపరేషన్‌లో (తొడుగు వేయడానికి పన్నుని చెక్కడం) టేపర్ (గోడల వాలు) ఎంత, ఆక్లూజల్ రిడక్షన్ (నమిలే వైపు కోసిన మందం) 1.5 మిల్లీమీటర్లు వచ్చిందా లేదా, ఇవి కంటికన్నా అదే బాగా చెబుతుంది, విద్యార్థులు కూడా తేడాలు రంగుల్లో చూపే ఆ బొమ్మ చూసి వెంటనే అర్థం చేసుకుంటారు. కానీ మేం వాడినదానికి ఏ తప్పు పెద్దదో తెలియదు. అంతటా రవ్వంత తక్కువ కోసినవాడికి తక్కువ స్కోరు, పక్కపన్నుకి బర్ తగిలించినవాడికి ఎక్కువ స్కోరు వచ్చిన రోజుంది. పక్కపన్నుకి గీత పడితే నా లెక్కలో అది చాలా పెద్ద తప్పు, తర్వాత ఆ పన్నే పుచ్చిపోవచ్చు. ప్రాక్టీసుకి ఆ సాఫ్ట్‌వేర్ చాలా మంచిది, పాస్ ఫెయిల్ మాత్రం దాని చేతిలో పెట్టను.

అప్‌లోడ్ టెన్షన్ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. ఒకసారి వీడియో 90 శాతం దగ్గర ఆగిపోయి, టైమ్ అయిపోయి పేజీ లాక్ అయింది, ఒక కుర్రాడి చేతులు వణకడం నేను చూశాను. ఇప్పుడు కావిటీ టైమ్ వేరు, అప్‌లోడ్ టైమ్ వేరు.

వారం వారం పెట్టే టెస్టులకి దీన్ని నిస్సంకోచంగా వాడమంటాను, ఫోటో మీద బాణం గీసి "ఇక్కడ జింజైవల్ సీట్ (బాక్స్‌లో చిగురువైపు అడుగు) వాలిపోయింది" అని చూపిస్తే విద్యార్థి మళ్ళీ ఆ తప్పు చేయడం బాగా తగ్గింది. ఫైనల్ పరీక్షకి వాడితే మాత్రం ప్రతి పన్నునీ నంబరు రాసిన కవర్లో వేసి, ఫలితాలు వచ్చి, అభ్యంతరాల గడువు ముగిసేదాకా దాచండి. ఆ అమ్మాయి పన్ను డ్రాయర్లో ఉండబట్టే నేను చూడగలిగాను.