మే నెలలో సెంట్రల్ పార్క్‌లో పిట్టలు చూడ్డం: గుంపుతోనా, ఒంటరిగానా?

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో రాంబుల్ అని దాదాపు 36 ఎకరాల అడవిలాంటి చోటుంది. మే మొదటి రెండు వారాల్లో, దక్షిణం గాలి వీచిన రాత్రి గడిచి తెల్లారేసరికి అక్కడ వార్‌బ్లర్లు, అంటే వలసొచ్చే చిన్న చిన్న పాటపిట్టలు, దిగి ఉంటాయి. రాత్రంతా ఎగిరొచ్చిన వాటికి, అంత కాంక్రీటు మధ్య కనబడే పచ్చటి ముక్క అదే మరి.

గైడ్‌తో గుంపుగా వెళ్తే లాభం కళ్లకంటే చెవులకే ఎక్కువ. మొదటిసారి నాకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. మా గైడ్ ఠక్కున ఆగి, "ఓక్ చెట్టు, కుడివైపు పైకొమ్మ" అంది. బైనాక్యులర్స్ ఎత్తితే బ్లాక్‌బర్నియన్ వార్‌బ్లర్! పది గ్రాముల ప్రాణి, గొంతు మాత్రం నిప్పుకణికే. కూత వినే పట్టేసిందట. కాకపోతే గుంపు పెద్దదైతే వెనకున్నవాళ్లు ముందుకొచ్చేలోపు పిట్ట తుర్రుమంటుంది.

ఒంటరిగా అయితే రాంబుల్‌లోనే ఉన్న అజేలియా పాండ్ అనే చిన్న మడుగు దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు, పిట్టలే నీళ్లకు వస్తాయి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. కూత విని పేరు చెబుతుంది గానీ ఏ కొమ్మో చెప్పదు, ఒక్కోసారి పేరే తప్పు చెబుతుంది. బర్డ్‌కాస్ట్ అనే వెబ్‌సైట్‌లో రాత్రి పిట్టల వలస అంచనా చూసుకుని ఏ పొద్దున వెళ్లాలో మనమే తేల్చుకోవచ్చు. గుంపు నడకకి తేదీ ముందే ఖరారు, గాలి ఎటున్నా వెళ్లాల్సిందే.

నేనైతే మొదటి రెండుసార్లు గుంపుతో పొమ్మంటాను. ఆ తర్వాత న్యూజెర్సీ ఎడిసన్‌లో తెల్లారుజామునే రైలెక్కి ఒక్కరే రండి.